నత్తల్ని మళ్ళీ వేశాను

మూడేళ్ళ కిందట ఒక పెద్ద గాజు సీసాలో చెరువు నీళ్ళు పట్టి కిటికీ పక్కన పెట్టాను. అడుగున రెండు వేళ్ళ మందాన చెరువు మట్టి, అందులో గుచ్చిన నాలుగైదు హైడ్రిల్లా రెమ్మలు. వాటిని పట్టుకుని పిలవని పేరంటానికి వచ్చిన నత్తలు ఓ పది పన్నెండు, ఒక్కోటీ కందిగింజంత. చేపలు లేవు, పంపు లేదు, ఫిల్టర్ లేదు. మొదటి పది రోజులు బురదగా ఉన్న నీళ్ళు మెల్లగా తేరుకున్నాయి. చివరికి ఎంత తేటపడ్డాయంటే, సీసా వెనక కాగితం పెడితే అక్షరాలు చదువుకోవచ్చు.

సాయంత్రం ఎండ వాలుగా పడే వేళ ఆ సీసా ముందు కూర్చోవడం నాకూ మా అమ్మాయికీ అలవాటైపోయింది. నత్త గాజు మీద పాకుతుంటే ఇవతల నుంచి దాని నోరు కనిపిస్తుంది. తెరుచుకుంటుంది, లోపల్నుంచి ఆకురాయి లాంటి నాలుక బయటికొచ్చి గాజుని ఒక్క గీకు గీకుతుంది, మూసుకుంటుంది. మళ్ళీ అదే. అది వెళ్ళిన దారిలో పల్చటి నాచు పొర పోయి, వంకరటింకర గీతలా తేట గాజు మిగులుతుంది. టీవీ కంటే నయం.

ఒకరోజు మా అమ్మాయి ఆకులకి చిల్లులు కనిపెట్టింది. "నత్తలు మొక్కల్ని తినేస్తున్నాయి నాన్నా, తీసేద్దాం" అంది. నాకూ నిజమే అనిపించింది. చెంచాతో ఒక్కోదాన్నీ ఏరి వేరే గిన్నెలో వేశాం. మొక్కల్ని కాపాడామన్న తృప్తి రెండు వారాలు నిలిచింది. మూడో వారానికి ఆకుల మీద గోధుమరంగు నూగు పట్టింది, రుద్దితే వేలికి జిగటగా అంటుకునేది. ఇంకో వారానికి ఆకులు పసుపెక్కి, కాడలు మెత్తబడి, ఒక్కో రెమ్మా అడుగుకి వాలిపోయింది. నెలన్నర అయ్యేసరికి నీళ్ళు ఆకుపసరులా తయారయ్యాయి.

"పోనీ మళ్ళీ వేసేద్దాం" అంది. వేశాం. ఆ నత్తలే, ఆ సీసాలోకే. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి, నీళ్ళ రంగు మారలేదు. "తీసినవే కదా మళ్ళీ పెట్టాం, మరి ఎందుకు మామూలవ్వలేదు నాన్నా?" అని అడిగింది.

"సమతుల్యత దెబ్బతిందమ్మా" అన్నాను. మాట నోట్లోంచి వస్తుండగానే అది జవాబు కాదని తెలుస్తూనే ఉంది. తక్కెడలోంచి తీసిన రాయి తిరిగి పెడితే ముల్లు మధ్యకి రావాలిగా.

తర్వాత తీరిగ్గా చదివితే జరిగింది బోధపడింది. నత్తలు ప్రధానంగా ఆకుని తినడం లేదు, ఆకు మీద పేరుకునే నాచు పొరని గీక్కుని తింటున్నాయి. చిల్లులు పడినవి అప్పటికే ముదిరి వాడుతున్న ఆకులు. గీకేవాళ్ళు లేకపోయేసరికి పొర మందమై ఆకులకి వెలుతురు అందలేదు. మొక్కలు చచ్చి కుళ్ళాయి, వాటి ఒంట్లో దాగిన నత్రజని, భాస్వరం నీళ్ళలో కలిశాయి. ఆ ఎరువుతో నీళ్ళలో తేలే సూక్ష్మమైన నాచు విజృంభించింది. ఇప్పుడు నత్తల్ని వేస్తే అవి గాజుని గీకగలవు, మట్టిని గీకగలవు. తేలుతున్న నాచుని ఎలా గీకుతాయి? వెలుతురు అడుగుదాకా దిగదు కాబట్టి కొత్త మొక్క లేవదు, మొక్క లేవదు కాబట్టి నీళ్ళు తేటపడవు. లోతు తక్కువ చెరువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలకి ఇది బాగా తెలిసిన సంగతే. ఒకే చెరువు మొక్కలతో తేటగానూ ఉండగలదు, మొక్కల్లేకుండా పచ్చగానూ ఉండగలదు. రెండూ తమని తాము నిలబెట్టుకునే స్థితులే. ఒకదాన్నుంచి రెండోదానికి జారడం తేలిక, జారిన దారినే పైకెక్కడం కుదరదు.

'ప్రకృతి సమతుల్యత' అనే మాట మీద నాకు కోపం ఆ రోజుతో మొదలైంది. స్కూల్లో నేర్చుకుంటాం, వ్యాసాల్లో రాస్తాం, వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట మన చేతికి తక్కెడ బొమ్మ ఇస్తుంది. ఏదో ఒక జీవి పోయింది, అందుకే చెడింది, దాన్ని తెచ్చి పెడితే బాగవుతుంది. ఏం పోయిందన్న ప్రశ్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. ఏం మిగిలింది, పోయినవి ఏ వరసలో తిరిగొస్తాయి అన్నవి ఎవరూ అడగరు. నా గొడవంతా ఈ రెండు ప్రశ్నల గురించే.

ఈ విషయంలో అందరూ మొదట చెప్పే కథ రాబర్ట్ పెయిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్తది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరం, మక్కా బే అనే చోటు. అలలు వచ్చిపోయే బండరాళ్ళ మీద ఆల్చిప్పలు, నాచులు, రాతిని పట్టుకుని బతికే బార్నకిల్స్, నత్తలు, వీటన్నిటి మీదా పడి తినే ఊదా, నారింజ రంగుల స్టార్‌ఫిష్‌లు. 1963లో పెయిన్ ఒక ఎనిమిది మీటర్ల రాతి పట్టీని ఎంచుకుని, అక్కడున్న స్టార్‌ఫిష్‌లని పీకి దూరంగా సముద్రంలోకి విసరడం మొదలుపెట్టాడు. అవి రాతిని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే గునపంతో పెకలించాల్సిందే. మళ్ళీ వచ్చినవాటిని మళ్ళీ విసిరాడు. వేటగాడు లేకపోతే వేటాడబడేవన్నీ హాయిగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. ఆల్చిప్పలు చొచ్చుకొచ్చి మిగతా అందరి చోటూ లాక్కున్నాయి. 1966లో ఆయన వ్యాసం రాసేనాటికి 15 రకాల జీవులుండే చోట 8 మిగిలాయి. స్టార్‌ఫిష్ తినేది ఆల్చిప్పల్ని, కాపాడేది మిగతావాళ్ళకి నిలబడే చోటుని. 1969లో ఆయనే ఇలాంటి జీవికి 'కీస్టోన్ జాతి' అని పేరు పెట్టాడు. కమాను నడినెత్తిన ఉండే రాయి అన్నమాట, అది లాగితే కమాను కూలుతుంది.

ఇంతవరకూ అందరూ చెబుతారు. కథలో రెండో సగం ఉంది, దాన్ని చెప్పేవాళ్ళు తక్కువ. విసరడం ఆపేశాక స్టార్‌ఫిష్‌లు తిరిగొచ్చాయి. అయినా ఆల్చిప్పల గుంపు చెక్కు చెదరలేదు. ఎందుకంటే వేటగాడు లేని ఆ కాలంలో ఆల్చిప్పలు బాగా పెరిగి పెద్దవయ్యాయి, స్టార్‌ఫిష్ చేతులకి లొంగని సైజుకి వెళ్ళిపోయాయి. కమాను రాయిని తెచ్చి పెట్టారు, ఈలోగా కింద రాళ్ళ ఆకారం మారిపోయింది. మా సీసాలో నత్తల గతి కూడా అదేగా.

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు తోడేళ్ళ కథ ఇంకా పెద్దది, ఇంకా తీయనిది. 1926 నాటికి ఆ పార్కులో తోడేళ్ళని పూర్తిగా చంపేశారు. ఎల్క్ దుప్పులు పెరిగి, వాగుల పక్కన విల్లో మొక్కల్ని మేసేశాయి. 1995, 96లలో కెనడా నుంచి 31 తోడేళ్ళని తెచ్చి వదిలారు. దుప్పులు తగ్గాయి, విల్లోలు లేచాయి, వాగులకి కట్టలు కట్టే బీవర్ అనే జంతువులు వచ్చాయి, నదులు దారి మార్చుకున్నాయి అనే కథ ప్రపంచమంతా తిరిగింది. నేనూ ఒకప్పుడు నలుగురికి చెప్పినవాణ్ణే. మంచి కథ అంత త్వరగా వదలదు.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2001 నుంచి రెండు దశాబ్దాల పాటు అక్కడి వాగుల పక్కన ఒక ప్రయోగం నడిపారు. కొన్ని చోట్ల దుప్పులు రాకుండా కంచె కట్టారు, కొన్ని చోట్ల బీవర్ కట్టలకి నకలుగా చిన్న ఆనకట్టలు వేశారు, కొన్ని చోట్ల రెండూ చేశారు, కొన్ని చోట్ల ఏదీ ముట్టుకోలేదు. ముట్టుకోని చోట్ల, తోడేళ్ళు తిరిగొచ్చి ఇన్నేళ్ళయినా, విల్లోలు పొట్టిగానే ఉండిపోయాయి. కట్టా కంచే రెండూ ఉన్నచోట ఏపుగా లేచాయి. కారణం తోడేళ్ళు లేని ఆ డెబ్బై ఏళ్ళలో ఉంది. విల్లోలు పోయాయి, వాటి కొమ్మలతో కట్టలు కట్టే బీవర్‌లు పోయాయి, కట్టలు లేక వాగు వేగంగా పారి తన అడుగుని తానే తవ్వుకుంది, దాంతో పక్క నేలలో నీటిమట్టం వేళ్ళకి అందనంత కిందికి దిగింది. విల్లో లేచేందుకు కట్ట కావాలి, కట్ట కట్టేందుకు బీవర్ కావాలి, బీవర్ రావడానికి విల్లో ఉండాలి. తోడేలు ఎంత గొప్పదైనా వాగుని పూడ్చలేదు. పార్కులో కొన్ని చోట్ల మొక్కలు నిజంగానే కోలుకున్నాయని చూపించే శాస్త్రవేత్తలూ ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. తోడేళ్ళని తేవడం తప్పని నేననను. తెచ్చేసి చేతులు దులుపుకోవడమే తప్పు.

ఈ తగాదా కొత్తదేం కాదు. వందేళ్ళ కిందట ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త అడవిని ఒక ప్రాణిలా చూశాడు. బట్టనేల మీద ముందు గడ్డి, తర్వాత పొదలు, తర్వాత చెట్లు, చివరికి ఆ వాతావరణానికి రాసిపెట్టి ఉన్న ఒకే ఒక్క తుది అడవి. శిశువు పెరిగి పెద్దయినట్టే. 1916లో ఆయన ఈ అనుక్రమం మీద పెద్ద పుస్తకమే వేశాడు. 1926లో హెన్రీ గ్లీసన్ అనే ఆయన, అలాంటి ప్రాణి ఏదీ లేదు, ఒక్కో మొక్కా తన అవసరాల కోసం, తన విత్తనం పడిన అదృష్టం కొద్దీ అక్కడుంది, మనం అడవి అంటున్నది ఆ పక్కపక్కన ఉండటాన్నే అన్నాడు. చాలాకాలం ఆయన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1935లో ఆర్థర్ టాన్స్‌లీ అనే బ్రిటిష్ వృక్ష శాస్త్రవేత్త, ఈ 'ప్రాణి' మాటలు విని విసుగెత్తి, మట్టినీ నీటినీ గాలినీ జీవులతో కలిపి 'ఎకోసిస్టమ్' అనే మాట వాడుకలోకి తెచ్చాడు. మన పాఠ్యపుస్తకాల్లోని ఆవరణ వ్యవస్థ అదే.

గ్లీసన్‌కి ఊపిరి పోసింది పుప్పొడి. చెరువుల అడుగు బురదలో వేల ఏళ్ళ పుప్పొడి పొరలు పొరలుగా నిలిచి ఉంటుంది. మార్గరెట్ డేవిస్ లాంటి పరిశోధకులు ఆ పొరల్ని చదివి, మంచుయుగం ముగిశాక ఉత్తర అమెరికాలో ఏ చెట్టు ఎటు కదిలిందో గుర్తించారు. ఇవాళ పక్కపక్కన కనిపించే చెట్లు ఒకే దారిన, ఒకే సమయంలో రాలేదు. ఒక్కోటి ఒక్కో దిక్కు నుంచి, ఒక్కో వేగంతో వచ్చాయి. ఇవాళ ఎక్కడా కలిసి కనిపించని చెట్లు ఒకప్పుడు కలిసి బతికాయి కూడా. అనాదిగా ఇలాగే ఉందని మనం మురిసిపోయే అడవి, నిజానికి వేర్వేరు రైళ్ళు దిగి ఒకే ప్లాట్‌ఫారం మీద కలిసినవాళ్ళ గుంపు.

అంతమాత్రాన ఎవరికి ఎవరూ సంబంధం లేదని కాదు. నేను గ్లీసన్ పక్షాన సగం దూరమే వెళ్తాను. ఎక్కణ్ణుంచి వచ్చినా, ఒకచోట చేరాక ఒకరి బతుకులో ఒకరు వేలు పెట్టకుండా ఉండరు. అది కూడా మామూలు కూడిక లెక్కకి లొంగదు. కెనడాలోని యూకన్‌లో చార్లెస్ క్రెబ్స్ బృందం 1980ల చివర్లో, 90ల మొదట్లో చేసిన పని చూడండి. అక్కడి మంచు కుందేళ్ళ సంఖ్య సుమారు పదేళ్ళకోసారి పెరిగి కూలుతుంది, వాటిని తినే లింక్స్ పిల్లులూ ఒకటి రెండేళ్ళు వెనకగా అదే బాట పడతాయి. కారణం వేటా, తిండి కరువా అని తేల్చడానికి చదరపు కిలోమీటరు ముక్కలుగా అడవిని విభజించారు. విద్యుత్ కంచెతో నేల మీది వేటజంతువుల్ని ఆపిన చోట కుందేళ్ళు సగటున రెండు రెట్లయ్యాయి. తిండి అదనంగా వేసిన చోట మూడు రెట్లు. రెండూ చేసిన చోట ఐదో ఆరో అనుకుంటాం, పదకొండు రెట్లు. భయంభయంగా బతికే కుందేలు సరిగా తినలేదు, సరిగా తినని కుందేలు తేలిగ్గా చిక్కుతుంది, ఆ టెన్షన్‌కి పిల్లల్ని కూడా తక్కువ కంటుంది. వేటని తిండి నుంచి విడదీసి లెక్క కట్టడం అక్కడ కుదరదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆలస్యం. అప్పు ఇవాళ చేసినా వసూలుకి ఎప్పుడొస్తారో తెలియదు.

కరీబియన్ సముద్రంలో పగడపు దిబ్బల సంగతి తీసుకోండి. జమైకా తీరంలో నాచు మేసే చేపల్ని తరతరాలుగా విపరీతంగా పట్టేశారు. అయినా 1970ల దాకా పగడాలు బాగానే ఉన్నాయి, ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. ఎందుకంటే చేపల పనిని నల్లటి పొడవాటి ముళ్ళతో బంతిలా ఉండే సీ అర్చిన్‌లు చేసేవి. నాచుని మేసి, పగడపు పిల్లలు అతుక్కోడానికి రాతిని శుభ్రంగా ఉంచేవి. చేపలు తగ్గేకొద్దీ వాటికి పోటీ తగ్గి అవే పెరిగాయి కూడా. 1980లో అలెన్ తుఫాను పగడాల్ని చితక్కొట్టింది. అయినా మళ్ళీ లేవడం మొదలైంది. 1983లో పనామా దగ్గర ఏదో జబ్బు ఆ అర్చిన్‌లకి తగులుకుంది, దాదాపు ఏడాదిలో కరీబియన్ అంతా పాకి, పదింటిలో తొమ్మిదికి పైగా చంపేసింది. మేసే చేపలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు అర్చిన్‌లూ పోయాయి. నాచు కమ్మేసింది. 1970ల చివర్లో సముద్రపు నేలలో సగానికి పైగా కప్పిన పగడం, 1990ల మొదట్లో 5 శాతం లోపుకి పడిపోయిందని 1994లో టెరీ హ్యూస్ అనే పగడాల శాస్త్రవేత్త లెక్క చూపించాడు.

చంపింది ఎవరు? జబ్బా, తుఫానా, వలలా? చివరగా తోసినవాడి మీద కేసు పెట్టడం మనకి అలవాటు. నన్నడిగితే ఆ దిబ్బ చేపలు పోయిన రోజే ఒంటికాలి మీద నిలబడింది. నిలబడి ఉంది కదా అని అందరం ఆరోగ్యం అనుకున్నాం.

సంబంధాల గొలుసు ఎంత దూరం పోతుందో చెప్పడానికి కెన్యా కథ ఒకటి. లైకీపియా మైదానంలో ఈలవేసే తుమ్మ అనే ముళ్ళ చెట్టు ఉంటుంది. దాని ముళ్ళ మొదళ్ళు బోలు బుడిపెలుగా ఉబ్బుతాయి, గాలి వీస్తే వాటి చిల్లుల్లోంచి ఈల మోగుతుంది. ఆ బుడిపెల్లో చీమలు కాపురం ఉంటాయి. ఏనుగు కొమ్మ మీద తొండం వేయగానే అవి బిలబిలా తొండంలోకి ఎక్కి కుడతాయి. అంత పెద్ద జంతువూ అటు పోదు. ఇల్లూ తేనే చెట్టువి, కాపలా చీమలది. ఈమధ్య కాలంలో పెద్ద తల చీమ అనే పరాయి జాతి అక్కడికి చేరి ఈ కాపలా చీమల్ని చంపేసింది, పోనీ తను కాపలా కాస్తుందా అంటే అదీ లేదు. అవి పాకిన చోట ఏనుగులు ఆ చెట్లని ఐదు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా విరిచేశాయి. చెట్లు పోయి మైదానం బోసిపోయింది. చాటు లేకపోతే సింహం జీబ్రా దగ్గరికి ఎలా పోతుంది? 2024లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, 2003లో అక్కడి సింహాలు చంపినవాటిలో 67 శాతం జీబ్రాలు, 2020 నాటికి 42 శాతం. అప్పట్లో ఆ లెక్కలో అసలు లేని అడవి దున్నలు కూడా 42 శాతానికి వచ్చాయి. సింహాల సంఖ్య తగ్గలేదు, వాటి భోజనం మారింది. దున్నతో తలపడటం సింహానికి కూడా చిన్న విషయం కాదు, ఈ ఏర్పాటు ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి. సింహం మెనూని చీమ మార్చిందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే నవ్వేవాళ్ళం.

ఇదంతా విని ఒక మిత్రుడు అన్నాడు, "అయితే నీ వాదన ప్రకారం ఏదీ స్థిరం కాదు, అంతా మారుతూనే ఉంటుంది, మరి మనం ఒక అడవి కొట్టేస్తే నీకెందుకు బాధ? అదీ ఒక మార్పే అనుకో." సమతుల్యత మాటని పక్కన పెట్టగానే ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. దీనికి జవాబు నాకు అగ్నిపర్వతాల దగ్గర దొరికింది.

1980 మే 18న వాషింగ్టన్ రాష్ట్రంలో సెయింట్ హెలెన్స్ పర్వతం పేలింది. అడవి చాపలా పడిపోయింది, కొండ కింద మైదానాన్ని వేడి బూడిద, ప్యూమిస్ అనే తేలికైన బొరుసు రాళ్ళు కప్పేశాయి. చంద్రుడి మీద నేల అన్నారు చూసినవాళ్ళు. అక్కడికి ప్రాణం బయటినుంచి రావాలంటే ఎన్ని దశాబ్దాలు పడుతుందో అని అంచనాలు వేశారు. కానీ పేలుడు దెబ్బ తగిలిన చాలా చోట్ల నేల నిజంగా ఖాళీ కాలేదు. మే నెల కాబట్టి ఎత్తైన చోట్ల ఇంకా మంచు ఉంది, దాని కింద చిన్న మొక్కలు బతికాయి. గోఫర్‌లు అనే ఎలుకల్లాంటి జంతువులు బొరియల్లో ఉన్నాయి, అవి పైకి తవ్వుకుంటూ వచ్చి పాత మట్టిని బూడిద మీద కుప్పపోశాయి. ఆ మట్టితో పాటే మొక్కల వేళ్ళకి తోడుండే బూజులూ పైకొచ్చాయి. పూర్తిగా బోసిపోయిన ప్యూమిస్ మైదానం మీదికి మొదట వచ్చినవాటిలో లూపిన్ అనే పూలమొక్క ఒకటి. దాని వేళ్ళ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, అందుకే ఎరువు లేని చోట అది నిలబడింది. అది చచ్చి కుళ్ళిన చోట వేరేవాళ్ళు మొలిచారు.

ఏమీ మిగలని చోటు ఎలా ఉంటుందో చూడాలంటే ఐస్‌లాండ్ దగ్గరి సర్ట్‌సీ చూడాలి. 1963 నవంబరులో సముద్రంలోంచి లేచిన దీవి అది. పాత మట్టి లేదు, విత్తనం లేదు, వేరు లేదు. 1965లో మొదటి మొక్క కనిపించింది, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఒకటీ అరా వచ్చి పోతూ కాలక్షేపం చేశాయి. 1986 నుంచి గల్ అనే సముద్రపు పక్షులు అక్కడ గుంపుగా గూళ్ళు పెట్టాయి. వాటి రెట్టలో నత్రజని ఉంది, కాళ్ళకీ కడుపులోనూ విత్తనాలున్నాయి. గూళ్ళ చుట్టూ పచ్చిక పరుచుకుని, మొక్కల రకాలు గబగబా పెరిగాయి. అదే దీవి, అదే వాన. వరసలో రావలసినవాళ్ళు రానంతవరకూ మిగతావాళ్ళు గుమ్మంలో నిలబడే ఉన్నారు.

కాబట్టి మా మిత్రుడికి నా జవాబు ఇది. అన్ని మార్పులూ ఒకటి కావు. ఒక దెబ్బ ఏం మిగిల్చిపోయిందో చూసి దాని బరువు కట్టాలి. పైకి ఘోరంగా కనిపించే అగ్నిపర్వతం వేళ్ళనీ బొరియలనీ వదిలేసింది. పైకి సౌమ్యంగా కనిపించే నాగలి ఏదీ వదలకపోవచ్చు. అమెరికాలో మిన్నెసోటాలోని సీడర్ క్రీక్‌లో, దున్ని వదిలేసిన పొలాల్ని ఎప్పుడూ దున్నని గడ్డి నేలలతో పోల్చారు. 91 ఏళ్ళు బీడుపెట్టినా, మొక్కల వైవిధ్యంలో దాదాపు నాలుగింట మూడు వంతులే తిరిగొచ్చింది. ఎవరూ గొడ్డలి ఎత్తలేదు, ఎవరూ నిప్పు పెట్టలేదు. అడుగున దాచుకున్న మూలధనం ఒక్కసారి తిరగేశారు, అంతే.

నా వాదనకి అడ్డొచ్చే ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నేనూ కథలు చెబుతున్నట్టే. ఆస్ట్రేలియాకి చెందిన మక్వారీ అనే దక్షిణ సముద్రపు దీవిలో ఓడలవాళ్ళు వదిలిన పిల్లులూ కుందేళ్ళూ ఉండేవి. పక్షుల్ని తింటున్నాయని 2000 నాటికి పిల్లుల్ని పూర్తిగా తొలగించారు. కుందేళ్ళు అమాంతం పెరిగి కొండవాలులన్నీ గొరిగేశాయి. తప్పు పిల్లుల్ని తీయడానిదేనా, కుందేళ్ళ మీద 1978 నుంచి వదులుతూ వచ్చిన వైరస్ పదును తగ్గడానిదా అని పండితులు గట్టిగానే పోట్లాడుకున్నారు. చివరికి కుందేళ్ళనీ ఎలుకలనీ చుంచులనీ కూడా తొలగించి, 2014లో దీవి శుభ్రమైందని ప్రకటించారు. మొక్కలు తిరిగొచ్చాయి, గడ్డి దుబ్బులు మళ్ళీ లేచాయి. చూశారా, వెనక్కి రావచ్చు! వచ్చింది, ఎందుకంటే మేయడం అంత తీవ్రంగా జరిగినా వేళ్ళూ విత్తనాలూ మొక్కలూ అక్కడక్కడా మిగిలాయి. తీసిన వరస మాత్రం తలకిందులైంది, దాని ధర దాదాపు పదిహేనేళ్ళు కట్టారు.

మా సీసా విషయానికొస్తే, ఏడాదిన్నర పచ్చగానే ఉంచేశాను. పారబోయడానికి మనసొప్పలేదు. పోయిన వేసవిలో సగం నీళ్ళు తోడేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోశాను. వెలుతురు కొంచెం లోపలికి దిగింది. పద్దెనిమిది రోజులకి అడుగు మట్టిలోంచి సూదిలాంటి ఆకొకటి లేచింది. హైడ్రిల్లాకి మట్టిలో చిన్న గడ్డలు దాచుకునే అలవాటు ఉంది, ఏళ్ళ తరబడి నిద్రపోగలవు. అదే అనుకుని సంబరపడ్డాను. కాదు. ఆకులు కాడ చుట్టూ గుత్తిగా కాకుండా, గడ్డిపరకల్లా అడుగునుంచే విడివిడిగా వస్తున్నాయి. ఆ మట్టితో ఎప్పుడో వచ్చి, తన వంతు కోసం మూలన పడి ఉన్న వేరే ఏదో మొక్క.

దాని మీద ఇప్పుడు ఒక నత్త ఉంది. మొన్న మా అమ్మాయి చెంచా పట్టుకొచ్చి, "నాన్నా, తినేస్తుందేమో, తియ్యనా?" అంది. చెంచా తీసుకుని వంటింట్లో పెట్టేసి వచ్చాను. ఇద్దరం కూర్చుని దాని నోరు తెరుచుకోవడం, మూసుకోవడం చూశాం. ఆకు మీద సన్నటి పచ్చ గీత ఒకటి మిగతా చోటు కంటే మెరుస్తోంది.